అవకాశం సమానమైతే సరిపోతుందా, ఫలితం కూడా చూడాలా?

ప్రాణహిత టీచర్ (సిరోంచ)

అందరికీ నమస్కారం. నీట్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున, గోదావరి ఒడ్డున ఉన్న మా సిరోంచ తాలూకా వాట్సాప్ గుంపుల్లో ఒకటే వాదన నడుస్తోంది. "పేపరు అందరికీ ఒకటే, టైము ఒకటే, 720 మార్కులూ అందరికీ ఒకటే. ఇంక అన్యాయం ఎక్కడుంది?" అని కొందరు. "పేపరు సంగతి సరే, సీట్లు ఎవరింటికి పోయాయో చూడండి" అని ఇంకొందరు. రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. అవకాశం ఊరికే పుట్టదు. ఒక తరానికి దక్కిన ఫలితమే తర్వాతి తరానికి అవకాశమవుతుంది. తండ్రికి నెల జీతం ఉంటే కూతురికి నాగపూర్‌లోనో లాతూర్‌లోనో కోచింగ్ ఉంటుంది. తండ్రికి కూలి మాత్రమే ఉంటే ఆ కూతురు కూడా కూలికి పోవాల్సి వస్తుంది. ఫలితాల జోలికి పోకుండా అవకాశాలు మాత్రం సమానం చేస్తామంటే ఆ సమానత్వం ఒక్క తరం కూడా నిలబడదు.

మా దగ్గరి సంగతే చూడండి. జిల్లా కేంద్రం గడ్చిరోలి ఇక్కడికి 200 కిలోమీటర్ల పైమాటే. పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పదకొండో తరగతి సైన్సుకు వచ్చేసరికి ఇంగ్లీషు. నీట్ 13 భాషల్లో రాయొచ్చు, అందులో తెలుగూ ఉంది. కానీ తెలుగు పేపరు కావాలంటే సెంటరు ఆంధ్రాలోనో తెలంగాణలోనో పెట్టుకోవాలి. మహారాష్ట్ర సెంటర్లలో మరాఠీ ఇస్తారు, తెలుగు ఇవ్వరు.

నా దగ్గర చదివిన ఒకమ్మాయి ఉంది. జనవరి వచ్చిందంటే ఇంటిల్లిపాదీ గోదావరి దాటి మిర్చి ఏరడానికి పోతారు. సరిగ్గా బోర్డు పరీక్షల ముందు. తిరిగొచ్చాక వేళ్ళ మంట తగ్గక ఎడమ చేత్తో పుస్తకం పట్టుకుని, కుడి చెయ్యి నీళ్ళ గిన్నెలో ముంచి చదివేది. ఆ పిల్లకూ, లాతూర్ హాస్టల్లో రెండేళ్ళు అదే పని మీద ఉన్న పిల్లకూ ఒకే పేపరు ఇచ్చాం కాబట్టి న్యాయం జరిగిపోయిందని నేను ఒప్పుకోలేను. మీరేమంటారు?

బల్లార్షా ఫిట్టర్

టీచరమ్మా, మీ విద్యార్థి సంగతి చదివితే బాధ అనిపించింది. కానీ మీరు చెప్పే దారి మంచిది కాదు.

మా తాత కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి బొగ్గు బాయిల తట్ట మోసిండు. మా నాయిన డ్రిల్లర్ అయిండు. నేను ఐటీఐ చేసి ఫిట్టర్‌ని. మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతున్నది. మూడు తరాలు, ఒక్కో మెట్టు. ఎవ్వరూ మాకు ఫలితం చేతుల పెట్టలే. తలుపు తెరిచి ఉండె, మేం నడిచి పోయినం. సర్కారు పని తలుపు తెరిచి పెట్టుడే. లోపలికి పోయినంక ఎవరు ఎంత సంపాదించుకున్నరో లెక్కలు చూసి సమానం చేస్తమంటే మాత్రం నాకు ఒప్పుదల లేదు. నైట్ షిఫ్టు చేసినోనికీ, ఎగ్గొట్టి పండుకున్నోనికీ ఒకటే జీతమైతే రేపు బాయిల దిగేటోడు ఎవడు?

రాజురా పత్తి రైతు

ఫిట్టర్ తమ్మీ, నువ్వన్నది మా పత్తిల ఎన్నడో అయిపోయింది. విను.

1972ల మహారాష్ట్ర సర్కారు పత్తి కొనుడు మొత్తం తన చేతిలకు తీసుకున్నది. ఏకాధికార్ అనెటోళ్ళు. ప్రైవేటు దలాలికి అమ్మొద్దు, అందరి పత్తీ సర్కారుకే, గ్రేడును బట్టి అందరికీ ఒకటే ధర. చెప్పుకోనీకి మస్తుగుంటది. దలాలి చేతిల మోసపోయిన చిన్న రైతుకు అది నిజంగనే ఆసరా. ధర పడిపోయిన ఏడు మేం బతికినం అంటే గా స్కీము పుణ్యమే, అబద్ధమెందుకు చెప్పాలె.

కానీ బయట ధర పెరిగిన ఏడు చూడాలె. ఆదిలాబాద్‌ల జిన్నింగు మిల్లోడు ఎక్కువిస్తుండు, ఇక్కడ సర్కారు తక్కువిస్తుంది, అదిగూడ ముక్కలు ముక్కలు చేసి. అప్పుడు రాత్రిపూట ఎడ్ల మెడల గంటలు ఇప్పి, బండి చక్రాలకు ఆముదం పట్టిచ్చి, వాగులల్ల నుంచి పత్తి అవుతలికి దాటిచ్చెటోళ్ళు. అక్కడ ధర తక్కువున్న ఏడు ఉల్టా, అవుతలి పత్తి ఇవుతలికి వచ్చేది. స్కీముకు నష్టాలు కుప్పలు పడ్డయి, ఆఖరికి 2002 నాటికి సర్కారు చేతులెత్తేసింది.

నేను రెండూ చూసిన. అందరికీ ఒకటే ధర కట్టేస్తే అది నిలవదు. కానీ ధర ఒక హద్దు కిందికి పోకుండ ఎవరో ఒకరు పట్టుకోకపోతే చిన్న రైతు నిలవడు.

ప్రాణహిత టీచర్ (సిరోంచ)

పెద్దాయనా, మీ ఆఖరి మాటే నేను చెప్పాలనుకున్నది.

ఫిట్టరన్నా, మీ కుటుంబం కష్టాన్ని నేను ఒక్క ఇసుమంత కూడా తక్కువ చేయను. కానీ మీ తాతగారు తట్ట మోసిన బావికీ, మీ నాన్నగారు డ్రిల్లింగ్ చేసిన బావికీ మధ్య ఏం జరిగిందో చూడండి. 1973లో బొగ్గు గనులు జాతీయమయ్యాయి. వేతన ఒప్పందాలు వచ్చాయి. క్వార్టరు, దవాఖాన, పీఎఫ్, పిల్లలకు బడి. ఏ కులపోడైనా, ఏ భాషోడైనా ఒక కేటగిరీలో ఉన్నవాళ్ళకు ఒకే బేసిక్. అది తలుపు తెరిచి పెట్టడం మాత్రమే కాదు కదా? అది ఫలితంలో ఒక భాగాన్ని అందరికీ ఖాయం చేయడం. ఆ ఖాయం మీద నిలబడే మీరు ఐటీఐకి పోయారు.

మిర్చి కూలికి అలాంటిది ఏదీ లేదు. ఆ ఇంట్లో ఎంత కష్టపడినా మూడు తరాల తర్వాత కూడా మిర్చి కూలే ఉంటుంది. కష్టం మీ ఇంట్లోనూ ఉంది, వాళ్ళింట్లోనూ ఉంది. తేడా కష్టంలో లేదు.

బల్లార్షా ఫిట్టర్

జాతీయం చేసింది నిజమే. మా నాయిన గూడ అంటుండె, ప్రైవేటు మాలికు ఉన్నప్పుడు మనిషి బాయిల చస్తే పీనుగును మోసుకపోవుడే, లెక్క లేదు పత్రం లేదని. కానీ అది పని చేసినందుకు వచ్చిన జీతం, సెక్యూరిటీ. అందరి ఫలితం ఒకటి చేయలేదు. మేనేజరు బంగ్లా మేనేజరుదే, మా క్వార్టరు మాదే. గా తేడా ఉండాల్సిందే అంటున్న.

కిన్వట్ తండా

ఉండాల్సిన తేడాలు సరే అన్నా. ఉండకూడని తేడా ఒకటి నేను చెప్త.

మాది లంబాడ తండా. 1956 నవంబర్ 1 దాకా మా కిన్వట్, మీ రాజురా, ఆదిలాబాద్ అన్నీ హైదరాబాద్ రాష్ట్రంల ఒకటే జిల్లా. రాష్ట్రాలు విడగొట్టినప్పుడు కిన్వట్, రాజురా ఇటు వచ్చినయి. మా మేనమామ తండా అటే ఉండిపోయింది. నడిస్తే పొద్దటి పూట పోయి మాపటికి రావచ్చు. ఒకటే భాష, ఒకటే పండుగలు, పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకుంటం.

1976ల చట్టం మారి తెలంగాణల లంబాడలు ఎస్టీల్లకు వచ్చిన్రు. ఇక్కడ మేం విముక్త జాతి, వీజే-ఏ అంటరు, 3 శాతం. ఎస్టీకి ఇక్కడ 7 శాతం ఉంది, కేంద్ర ఉద్యోగాలల్ల గూడ ఎస్టీ కోటా ఉంటది. వీజేకి కేంద్రంల వేరే కోటా లేదు, ఓబీసీల కలిపేస్తరు. మా మామ కొడుకు, నేను ఒకటే ఏడు రైల్వే పరీక్ష రాసినం. వాడు ఎస్టీ, నేను ఓబీసీ. మా ఇద్దరికీ చెరో రెండెకరాల చెలక, మా ఇద్దరి నాయినలూ చక్కెర కార్ఖానలకు చెరుకు కొట్టబోయెటోళ్ళే. నాకంటే వానికి తక్కువ మార్కులు వచ్చినయి, ఉద్యోగం వానికొచ్చింది. వాడు బాగుపడ్డడు, నాకు సంతోషమే. కానీ మా ఇద్దరి నడుమ ఉన్నది ఒక గీత మాత్రమే. ఈ గీతకూ మా కష్టానికీ ఏం సంబంధం?

2025ల మరాఠ్వాడా బంజారాలు నిజాం నాటి హైదరాబాద్ గెజిట్ చూపించి మమ్మల్ని గూడ ఎస్టీల్ల చేర్చమని మోర్చాలు తీసింది గిందుకే.

చాందా వకీల్

తమ్మీ, ఆ గీతను సుప్రీంకోర్టే ఖాయం చేసింది. 1990 నాటి మర్రి చంద్రశేఖరరావు కేసు. తెనాలిలో పుట్టిన కుర్రాడు, కుటుంబం ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ. తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి వచ్చారు. పిల్లవాడు చిన్నప్పటి నుంచి అక్కడే పెరిగాడు. మెడికల్ సీటుకు ఎస్టీగా దరఖాస్తు చేస్తే మహారాష్ట్రలో కుదరదన్నారు. రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే చెప్పింది. 341, 342 అధికరణాల్లో "ఆ రాష్ట్రానికి సంబంధించి" అనే మాట ఉంది కాబట్టి ఒక రాష్ట్రంలోని హోదా ఇంకో రాష్ట్రానికి వెంట రాదు అని.

కోర్టు తర్కంలో బలం ఉంది, అది కూడా చెప్పాలి. వెనకబాటు స్థలాన్ని బట్టి ఉంటుంది. ఒక కులం ఒకచోట అణగారి ఉండొచ్చు, ఇంకోచోట అంత కాకపోవచ్చు. బయటివాళ్ళు వచ్చి స్థానిక ఆదివాసుల వాటా తీసుకోకూడదు. కానీ ఆ తర్కం దూరం నుంచి వలస వచ్చినవాళ్ళకు సరిపోతుంది. కిన్వట్ తండా ఎక్కడికీ వలస పోలేదు. సరిహద్దే వాళ్ళ మీదుగా పోయింది.

ఇంకో ముడి ఉంది. మహారాష్ట్రలో కులధ్రువపత్రం ఒక్కటే చాలదు, అది నిజమేనని కమిటీ పరిశీలించి ఇచ్చే క్యాస్ట్ వ్యాలిడిటీ కూడా కావాలి. ఎస్సీ అయితే 1950 ఆగస్టు 10కి, ఎస్టీ అయితే 1950 సెప్టెంబర్ 6కి, విముక్త జాతి, సంచార జాతి అయితే 1961 నవంబర్ 21కి, ఓబీసీ అయితే 1967 అక్టోబర్ 13కి ముందు మీ పెద్దలు ఈ రాష్ట్రంలో ఉన్నట్టు కాగితం చూపాలి. నా దగ్గరికి వచ్చే తెలుగు కుటుంబాల్లో సగం ఇక్కడే ఆగిపోతాయి. తాత ఇక్కడే పుట్టి ఇక్కడే చనిపోయాడు, కానీ బడికి పోలేదు. బడికి పోనివాడి పేరు బడి రిజిస్టరులో ఎలా ఉంటుంది? రాజురా, కిన్వట్‌లలో నిజాం నాటి పహాణీలు ఉర్దూలో ఉంటాయి. అవి చదివి మరాఠీ చేసిపెట్టేవాళ్ళ కోసం వెతుక్కోవాలి. చదువుకున్న తాత ఉన్నవాడికి కాగితం ఉంది. చదువు లేని తాత ఉన్నవాడికే రిజర్వేషన్ ఎక్కువ అవసరం, వాడికే కాగితం లేదు. టీచర్ గారు మొదట చెప్పిన మాటకు నేను ఆఫీసులో రోజూ చూసే సాక్ష్యం ఇది.

జివతి కొలాం

అందరికీ రాంరాం. మాది గుట్ట మీది గూడెం, కొలాములం. తెలుగు రాయడం అంత బాగా రాదు, తప్పులుంటే సదురుకోండ్రి.

తండా అన్న చెప్పింది విన్న. అన్న మీద నాకు కోపం లేదు. కానీ మా దిక్కు నుంచి గూడ చూడాలె. అవుతల ఆదిలాబాద్‌ల 1976 తర్వాత ఎస్టీ అంటే గోండు, కొలాం, లంబాడ అందరూ ఒకటే వరుస. కాగితం మీద అందరికీ సమాన అవకాశం. ముందుగాల చదువు అందుకున్నోళ్ళు ముందుకు పోయిన్రు. మా కొలాములల్ల పది పాసైనోళ్ళే తక్కువ, ఇగ ఉద్యోగం ఎక్కడిది? 2017ల గోండులు, లంబాడల నడుమ పెద్ద గొడవ అయింది గిందుకే. ఇప్పుడు ఈ దిక్కు గూడ బంజారాలు ఎస్టీల్ల కలుస్తే ఉన్న 7 శాతంల మా గూడేలకు ఏం మిగులుతది?

మాకు రెండు రాష్ట్రాలల్ల పేరు ఒకటే, అతి వెనకబడ్డ ఆదివాసులు అని. 2023 నవంబర్‌ల పీఎం జన్‌మన్ పెట్టిన్రు, ఇండ్లు, రోడ్లు, నల్లాలు అని. మంచిదే. కానీ మా జివతి గుట్టల మీద పద్నాలుగు ఊళ్ళు ఉన్నయి, అవి మావంటే మావని రెండు రాష్ట్రాలు అంటయి. అక్కడోళ్ళకు రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు. బయటోళ్ళు చూసి మీకేంది, డబుల్ లాభం అంటరు. పట్టా అడిగితే మాత్రం ఇది అడివి అంటరు. రెండు సర్కార్లు బియ్యం ఇచ్చినా ఒక్క పట్టా లేనోనికి బ్యాంకుల లోన్ రాదు. అవకాశం లెక్కపెడితే మా దగ్గర ఎక్కువ కనబడుతది. బతుకు చూస్తే తెలుస్తది.

కిన్వట్ తండా

అన్నా, మీ గూడెం వాటా గుంజుకోవాలని మాకు లేదు. మా తండాల గూడ చెరుకు కొట్టబోయేటోళ్ళే ఎక్కువ, పోరగాండ్లు ఏడాదిల సగం బడికి పోరు. మీకు విడిగ, మాకు విడిగ ఇవ్వాలె. ఒకరి ముద్ద ఇంకొకరు తినే పని పెట్టొద్దు.

చాందా వకీల్

విడిగా ఇవ్వడం ఎస్సీల విషయంలో మొదలైంది కూడా. ఎస్సీలను లోపల వర్గాలుగా చేయొచ్చని 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం 6-1తో చెప్పింది. అంతకు ముందు 2004లో చిన్నయ్య కేసులో కుదరదన్నారు. తెలంగాణ 2025 ఏప్రిల్ 14 నుంచి 59 కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతాలుగా పంచింది. దీని వెనక తర్కం గమనించండి. 'అందరికీ ఒకే లిస్టు ఇచ్చాం, ఇక మీ ఇష్టం' అని వదిలేయకుండా లిస్టులో ఎవరి దాకా ఏం చేరిందో లెక్క చూసి మళ్ళీ పంచారు. ఫలితం చూడకుండా ఈ పని చేయలేరు.

రాజ్యాంగం 38(2) కూడా అదే అడుగుతుంది. హోదాలో, సదుపాయాల్లో, అవకాశాల్లో అసమానతలు తొలగించాలి అంటుంది. ఆదాయాల విషయానికి వచ్చేసరికి తొలగించాలి అనదు, తగ్గించాలి అంటుంది. ఫిట్టర్ గారు భయపడుతున్నట్టు మేనేజర్ బంగ్లా కూల్చమని ఎవరూ చెప్పడం లేదు.

బల్లార్షా ఫిట్టర్

వకీల్ సాబ్, అయితే ఒక కష్టమైన ప్రశ్న. ఏజెన్సీ బళ్ళల్ల టీచర్లు 100 శాతం ఎస్టీలే ఉండాలని అవుతల 2000 సంవత్సరంల జీవో 3 తెచ్చిన్రు. 2020 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు కొట్టేసింది. నేను అది కరెక్ట్ అంటున్న. అదే ఏజెన్సీల పుట్టిన ఎస్సీ పిల్లగాడు టీచర్ కావద్దా? ఒకని ఫలితం సరిచేయబోయి ఇంకొకని తలుపు మొత్తం మూసేస్తే అది న్యాయమెట్ల అయితది?

జివతి కొలాం

మా గూడెం బడికి వచ్చే సారు ఊరు దూరం. సోమవారం మధ్యాహ్నం వస్తడు, శుక్రవారం పొద్దున్నే పోతడు. వానలు పడితే రాడు. మా మాట ఆయనకు రాదు, ఆయన మాట మా చిన్న పోరలకు రాదు. గూడెం మనిషి సారు అయితే ఇవన్నీ ఉండయి. జీవో టీచరు ఉద్యోగం కోసం అని మీరు చూస్తున్నరు. నేను పోరల చదువు కోసం అని చూస్తున్న.

బల్లార్షా ఫిట్టర్

గది ఒప్పుకుంట. కొలామీ వచ్చినోనికి, ఊళ్ళ ఉండేటోనికి మార్కులు ఎక్కువేయుండ్రి, నాకేం అభ్యంతరం లేదు. పుట్టుకతోని నూటికి నూరు మూసేయకుండ్రి అంటున్న.

ప్రాణహిత టీచర్ (సిరోంచ)

ఇక్కడ ఫిట్టరన్న మాట నాకూ సబబుగానే ఉంది. పిల్లల భాష రావడం, ఊళ్ళో ఉండడం టీచరుకు అర్హతలే. వాటిని అర్హతలుగా రాస్తే చాలావరకు గూడెం వాళ్ళే ఎంపికవుతారు. తొలి చదువు మాతృభాషలో అందించే ఏర్పాటు చేయాలని 350-ఏ అధికరణం 1956 నుంచి చెబుతూనే ఉంది. కొలామీకీ, గోండీకీ, ఇక్కడి తెలుగుకీ అది ఎంత అమలైందో మనందరికీ తెలుసు.

కోటా విషయంలో ఒక మాట. ఇదేదో ఢిల్లీ నుంచి ఓట్ల కోసం వచ్చిందని మా గుంపుల్లో రాస్తుంటారు. కొల్హాపూర్‌లో షాహూ మహారాజు 1902 జులై 26న తన కొలువులో సగం ఉద్యోగాలు వెనకబడ్డ కులాలకు అని హుకుం ఇచ్చారు. అప్పటికి ఓట్లే లేవు. ఆయన కోటాతో ఆగలేదు, పిల్లలకు హాస్టళ్ళు కట్టించారు, ప్రాథమిక విద్య తప్పనిసరి చేశారు. కొలువు ఒక చేత్తో, ఆ కొలువుకు చేరే దారి ఇంకో చేత్తో. మనం కోటా గురించి గొంతు చించుకుంటాం కానీ హాస్టల్లో అన్నం ఎలా ఉందో అడగం.

గోదారి కోడలు (సిరోంచ)

అన్నలందరూ కులం గురించి, రాష్ట్రం గురించి మాట్లాడుతున్నరు. ఇంట్ల సంగతి ఎవ్వరూ ఎత్తలేదు.

నాది మంచిర్యాల దిక్కు పుట్టిల్లు, సిరోంచ అత్తగారిల్లు. ఆడపిల్లకు ఆస్తిల కొడుకుతోని సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌ల 1985ల వచ్చింది. మహారాష్ట్రల 1994ల వచ్చింది. 2005ల దేశమంతా వచ్చింది. అంటే చట్టంల అవకాశం రెండొడ్లకూ ఎప్పుడో సమానం అయింది. మరి ఇక్కడ ఎంతమంది ఆడోళ్ళ పేరు మీద సాతబారా, అంటే భూమి కాగితం, ఉంది? మా వాడకట్టుల లెక్కపెట్టబోతే భర్త చచ్చిపోయినోళ్ళవి తప్ప కనబడలేదు.

ఎట్ల అయితదంటే, తండ్రి పోయిన పదమూడో దినం అయిపోంగనే 'నా వాటా వదులుకుంటున్న' అని రాసిచ్చే హక్కసోడ్ పత్రం తయారుగ ఉంటది. అన్నదమ్ములు చెల్లెకు చీర పెడుతరు, సంతకం పెట్టిచ్చుకుంటరు. పెట్టకపోతే పుట్టింటి గడప బంద్. ఆమె 'నా ఇష్టంతోనే' అని రాసిస్తది. ఎవ్వరూ బలవంతం చేయలే, తలుపు తెరిచే ఉంది, ఆమెనే లోపలికి పోలేదు అని ఫిట్టరన్న లెక్కల రాసుకోవచ్చు. గట్లాంటి తలుపు నాకు తెలుసు. నేను గూడ పుట్టింట్ల సంతకం పెట్టిన. అందుకే ఫలితం చూడాలె అంటున్న. నూటికి తొంభై మంది ఆడోళ్ళు ఒకే కాగితం మీద 'ఇష్టంతోనే' సంతకం పెడుతున్నరంటే గది ఇష్టం కాదని తెలవాలె.

ఇప్పుడు మా మామ చనిపోయిండు. మా ఆడబిడ్డను సంతకానికి పిలుస్తున్నరు. లాభం మా ఆయనకే, అంటే నాకే. నాకు మనసొప్పుతలేదు.

నిర్వాహకుడు

ఇక్కడ ఉంచిన వ్యాఖ్యల్లో ఏ కులం పేరూ తిట్టుగా వాడలేదు. సంతోషం. ఇలాగే సాగనివ్వండి. తొలగించిన రెండు వ్యాఖ్యల్లో లంబాడ, గోండు గొడవల మీద బూతులున్నాయి, అవి తిరిగి పెట్టొద్దు.

రాజురా పత్తి రైతు

అమ్మా కోడలా, పెద్ద మాట అన్నవు. మా ఇంట్ల గూడ గట్లనే అయింది, మా అక్క సంతకం పెట్టింది. గా భూమి మీదనే నా కొడుకు చదువుకున్నడు.

ఇంకో మాట. నీళ్ళ సంగతి. కాలువ మొదట్ల ఉన్నోడు మడి నిండా పెట్టుకుంటడు, చివర ఉన్నోనికి తడి గూడ అందదు. కాలువ ఇద్దరికీ ఒకటే. మొదటోడు దొంగ కాదు, చివరోడు సోమరి కాదు. తూము కాడ లెక్క చూసే మనిషి ఉంటేనే చివరికి నీళ్ళు పోతయి. సిరోంచ దిక్కు మేడిగడ్డ బ్యారేజీ సంగతే చూడుండ్రి. 2019ల మొదలైంది, 2023ల పిల్లర్లు కుంగే దాకా నీళ్ళు తెలంగాణకు, మునకేమో గోదారి ఇవుతలి పొలాలకు. నీళ్ళు పోయే దిక్కు ఒకటి, నష్టం వచ్చే దిక్కు ఒకటి అయినప్పుడు ఇద్దరికీ సమాన హక్కులున్నయని చెప్తే ఎవలి కడుపు నిండుతది?

బల్లార్షా ఫిట్టర్

కోడలమ్మా, మీరు రాసింది రెండు సార్లు చదివిన. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఆలోచిస్త.

కానీ టీచరమ్మకు ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఫలితం చూడాలె, మళ్ళీ పంచాలె అంటరు. ఎప్పటిదాకా? మా అమ్మాయి ఇంజనీరు అయినంక ఆమె బిడ్డకు గూడ కోటా కావాలెనా? ఎక్కడో ఒక దగ్గర చాలు అనాలె కదా. ఆ గీత ఎవరు గీస్తరు?

ప్రాణహిత టీచర్ (సిరోంచ)

గీత ఉండాలి. ఓబీసీల్లో బాగా ఉన్నవాళ్ళను కోటా నుంచి తప్పించే క్రీమీ లేయర్ 1992 ఇంద్రా సహానీ తీర్పు నుంచి ఉంది, ఏడాది ఆదాయం 8 లక్షలు దాటితే కోటా లేదు. ఎస్సీ, ఎస్టీల్లో కూడా అలాంటిది ఉండాలా అన్నది వేరే పెద్ద చర్చ. అంటరానితనం జీతంతో పోదు కాబట్టి నేను తొందరపడి అవుననను.

నా కొలత వేరే. ఒక పిల్ల పుట్టిన వాడ, తల్లి చేసే పని, గోదావరికి ఏ ఒడ్డో, ఈ మూడూ చెబితే ఆ పిల్ల పదహారేళ్ళకు ఎక్కడుంటుందో మా స్టాఫ్‌రూములో ఎవరైనా చెప్పేయగలరు. అంచనా చాలాసార్లు తప్పదు. అది తప్పడం మొదలైన రోజు కోటాలు, సబ్సిడీలు తగ్గించమనండి, నేనే ముందు సంతకం పెడతా. అప్పటిదాకా కింద నేల ఒకటి గట్టిగా వేయమంటున్నా. కడుపుకు తిండి, నడిచిపోయే దూరంలో టీచరున్న బడి, వలస పోయిన తల్లిదండ్రుల పిల్లలకు ఊళ్ళోనే హాస్టల్, రోగమొస్తే అప్పు చేయకుండా వైద్యం. 1972 కరువులో మొదలై 1977లో చట్టమైన మహారాష్ట్ర రోజ్‌గార్ హమీ, పని అడిగిన ప్రతి మనిషికీ పని ఇవ్వాల్సిందే అని చెప్పింది. దానికి డబ్బు పట్నంలో జీతగాళ్ళ ప్రొఫెషనల్ ట్యాక్స్ నుంచి వచ్చింది. 2005లో దేశమంతా వచ్చిన ఉపాధి హామీకి అదే ముందుదారి. అలా కింద నేల వేసినంత మాత్రాన ఎవరి పైకప్పూ కూలలేదు. ఆ నేల పైన మీ అమ్మాయి ఎంత ఎత్తుకు పోయినా చప్పట్లు కొడతాను.

జివతి కొలాం

టీచరమ్మా, హాస్టల్ మాట బాగుంది. కానీ ఆశ్రమశాళల, అంటే ఆదివాసీ హాస్టల్ బడిల, మా పిల్లలు పండుగకు ఇంటికొస్తే తిరిగి పోరు. అక్కడ కొలామీ మాట్లాడే మనిషి ఒక్కరు ఉండాలె, వంటమనిషైనా సరే. గిది రాసుకోండ్రి.

ప్రాణహిత టీచర్ (సిరోంచ)

రాసుకున్నా తమ్ముడూ. ఈ నెల పాలక సమితి మీటింగులో ముందు ఇదే పెడతాను.

చాందా వకీల్

కోడలమ్మగారికి. హక్కసోడ్ పత్రం స్థిరాస్తికి రిజిస్టర్ అయితేనే చెల్లుతుంది. సంతకం పెట్టకపోతే ఆడబిడ్డ వాటా ఎక్కడికీ పోదు. 2005 సవరణకు ముందే తండ్రి చనిపోయినా సరే కూతురి హక్కు పుట్టుకతో వస్తుందని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, మీ కేసులో ఆ చిక్కు కూడా లేదు. మరణ ధ్రువపత్రం, వారసుల వివరాలతో తలాఠీ (ఊరి భూమి లెక్కల అధికారి) దగ్గర వారస్ నోంద్‌కు (వారసుల పేర్ల నమోదుకు) దరఖాస్తు పెట్టించండి. కొడుకుల పేర్లతో పాటు ఆమె పేరు కూడా సాతబారా మీదికి ఎక్కుతుంది. పంపకం తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు, ముందు పేరు ఎక్కడం ముఖ్యం.

గోదారి కోడలు (సిరోంచ)

వకీల్ సాబ్, మీరు రాసింది మా ఆడబిడ్డకు చదివి వినిపించిన. వచ్చే సోమవారం తలాఠీ దగ్గరికి పోతానన్నది. ఆమె వెంట నేను గూడ పోతున్న, మా ఆయనకు చెప్పిన.